తీగ పట్టు

ఆ వర్క్‌షాపులో ఆమెను అందరూ పళ్లక్క అనేవారు. చేరిన రోజు టీ గదిలో ఎవరో, "ఇంతకుముందు ఏం పని చేసేవారు?" అని అడిగితే, "పళ్లు చేసేదాన్ని" అంది. గదంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు. చెప్పింది నిజమే మరి. ఇరవై రెండేళ్లపాటు ఒక దంతాల డాక్టరు గారి ల్యాబులో కట్టుడు పళ్లు, వంకర పళ్లను సరిచేసే తీగలు, క్లిప్పులు చేసింది. తరవాత్తరవాత డాక్టర్లందరూ కంప్యూటరుతో నడిచే మరమీద పళ్లు చెక్కించుకోవడం మొదలుపెట్టారు. ల్యాబుకు పని తగ్గుతూ తగ్గుతూ ఒకరోజు తలుపులు మూతపడ్డాయి. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె చాలాసేపు తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది. ఇన్నేళ్లు పనిచేసి నేర్చుకున్న వేళ్లు ఒక్క పూటలో ఎందుకూ కొరగాకుండా పోయాయే అన్న బాధ ఆమెను నెలల తరబడి వదల్లేదు.

నలభై ఎనిమిదేళ్ల వయసులో ఈ వర్క్‌షాపులో మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టింది. ఇక్కడ చేసేవి దూలాలు. ఇనుపవి కావు. గాజు నారతో నేసిన గుడ్డను అచ్చులో పొరలు పొరలుగా పరిచి, ఒక్కో పొరమీద రెసిన్ అనే జిగురు పూసి గట్టిపడనిస్తే తయారయ్యే తేలికపాటి దూలాలు. కాలినడక వంతెనలకు వాడతారు. గుడ్డ పరవడం, రెసిన్ పూయడం, బుడగలు లేకుండా రోలరు తిప్పడం పళ్లక్క పని.

వాటిలో ఒక రకం దూలం మీద మూడేళ్లుగా పరిశోధన నడుస్తోంది. దాని అడుగు పొరల్లో పొడవునా పన్నెండు సన్నటి తీగలు ఉంటాయి. నికెల్, టైటానియం కలిపి చేసిన తీగలు. ఆ లోహానికి ఒక విచిత్రమైన గుణం ఉంది. చల్లగా ఉన్నప్పుడు కాస్త సాగదీస్తే సాగినట్టే ఉండిపోతుంది. వేడి తగిలిందంటే తన పాత పొడవు గుర్తొచ్చినట్టు బలంగా ముడుచుకుంటుంది. అలా సాగదీసిన తీగలను అచ్చులో బిగించి, చుట్టూ రెసిన్ గట్టిపడనిస్తారు. ఎప్పుడైనా బరువుకు దూలం వంగి అడుగున పగులు వస్తే, తీగల్లోకి కరెంటు పంపుతారు. అవి వేడెక్కి ముడుచుకుని, పగులు రెండు అంచులనూ దగ్గరకు లాగి మూసేస్తాయి. దూలం తన గాయాన్ని తనే మూసుకుంటుందన్నమాట.

మూసుకోవాలి. మూసుకోవడం లేదు. అదే గొడవ.

ఈ పరిశోధన చేస్తున్న ఇంజినీరు ముప్పై మూడేళ్లవాడు. రెండు చెవులమీదా చెరో పెన్సిలు పెట్టుకుని మూడోదాని కోసం బల్లంతా వెతికే మనిషి. ఆయన చేసిన దూలాలన్నీ చివరికి పరీక్షల గదిలో, అందరూ బాబాయి అని పిలిచే పెద్దాయన చేతుల్లోకి వెళ్లేవి. బాబాయి ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని ఒక్కటే, తెచ్చిచ్చిన వస్తువును విరగ్గొట్టడం. "బాగుచేసేవాళ్లు వేరే ఉన్నారమ్మా. విరగ్గొట్టేవాణ్ని నేనొక్కణ్నే" అనేవాడు గర్వంగా. ఆయన యంత్రం దూలాన్ని వంచి పగులు తెప్పిస్తుంది. తరవాత బరువు తీసేసి కరెంటు పంపుతుంది. పగులు ఎంతవరకు మూసుకుందో కొలుస్తుంది. మళ్లీ వంచుతుంది. ఒక్కో విడతకు నిమిషమున్నర. వెయ్యి విడతలు తట్టుకుంటేనే దూలం పాసైనట్టు.

ఎనిమిదో దూలం నలభై ఒకటో విడతలో చేతులెత్తేసింది. పగులు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"రెసిన్ బలం చాలడం లేదు. ఇంకో రకం తెప్పిద్దాం" అన్నాడు ఇంజినీరు.

ఇప్పటికే రెండుసార్లు రెసిన్ మార్చి చూశారు. డైరెక్టరు మేడం ఆ మాట విని, "తొమ్మిది వారాలు టైమిస్తున్నా. సమీక్ష రోజుకి వెయ్యి విడతలు దాటిన దూలం చూపించండి. లేదంటే ఈ పని ఇక్కడితో ఆపేద్దాం" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఎనిమిదో దూలాన్ని రంపంతో కోసి పరిశీలించారు. కోసిన ముక్కలను చెత్తడబ్బాలో వేసే పని పళ్లక్కకు పడింది. ఒక ముక్క చివర తీగ కొస బయటికి వచ్చి ఉంది. ఆమె దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది. వెలుతురులో తిప్పి చూసింది. తీగ తళతళలాడుతోంది. దానిమీద రెసిన్ రవ్వంతైనా అంటుకుని లేదు.

ఇంజినీరు బల్ల దగ్గరకు వెళ్లింది.

"సార్, ఒక్క మాట."

"చెప్పండక్కా" అన్నాడు ఆయన తలెత్తకుండానే.

"తప్పు రెసిన్‌ది కాదండి. తీగది."

ఈసారి తలెత్తాడు.

"మా ల్యాబులో కట్టుడు పళ్లకి ప్లాస్టిక్ చిగుళ్లు చేసి, అందులో లోహపు క్లిప్పు కూర్చేవాళ్లం. ఎప్పుడన్నా ఆ క్లిప్పు ఊడొచ్చిందనుకోండి, దానికి ప్లాస్టిక్ పెచ్చులు అంటుకుని ఉంటే ప్లాస్టిక్ తప్పు. కడిగినట్టు శుభ్రంగా వచ్చిందంటే క్లిప్పు తప్పు. దాన్ని గరుకు చెయ్యకుండా పెట్టేశారన్నమాట. ఈ తీగ చూడండి, అద్దంలా ఉంది. దీన్ని ఏ రెసిన్ మాత్రం ఎలా పట్టుకుంటుంది?"

"గరుకు చెయ్యడమంటే గీతలు పెట్టడమే కదక్కా. ఈ తీగ అర మిల్లీమీటరు లావు. ఎక్కడ గీత పడితే అక్కడే తెగుతుంది. ఇది వేలసార్లు సాగి ముడుచుకోవాలి."

"మేమూ సన్న తీగలతోనే చేశాం సార్."

"అక్కా" అన్నాడు ఇంజినీరు, విసుక్కోకుండానే, "అది పన్ను. ఇది వంతెన."

పళ్లక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతి తొడుగులు తీసేసి తిన్నగా ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు ఇంజినీరు వచ్చేసరికి ఆయన బల్లమీద తెల్ల కాగితం పరిచి ఉంది. దానిమీద ఎనిమిది తీగ ముక్కలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని కింద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. పాత దూలాల ముక్కలన్నీ వెనక షెడ్డులో పడి ఉంటే, పొద్దున్నే వచ్చి వెతికి, ఒక్కో దాంట్లోంచి ఒక్కో తీగ లాగి పెట్టింది.

"మూడు రకాల రెసిన్లు వాడారు. ఎనిమిది దూలాలు చేశారు. ఒక్క తీగకైనా అంటు ఉందేమో మీరే చూడండి" అంది.

ఆయన భూతద్దం తీసుకుని ఎనిమిదింటినీ చూశాడు. తరవాత మళ్లీ మొదటిదాని నుంచి చూశాడు. భూతద్దం కిందపెట్టి, "సరే, ఒక్క దూలం చేసి చూద్దాం" అన్నాడు.

వర్క్‌షాపులో అచ్చుల తుప్పు వదలగొట్టడానికి, గాలి ఒత్తిడితో ఇసుక కొట్టే పెద్ద గది ఒకటి ఉంది. తీగలను అక్కడికి పంపించాడు. "ఆ ఇసుక చాలా ముతక సార్, తీగ తట్టుకోదు" అని పళ్లక్క చెబుతూనే ఉంది. "ఉన్నది అదే కదక్కా" అన్నాడు ఆయన. ఉన్నదాంతోనే తొమ్మిదో దూలం తయారైంది. వారం రోజులు గట్టిపడనిచ్చి బాబాయికి అప్పగించారు.

మొదటి రోజు అందరి మొహాలూ వెలిగిపోయాయి. నలభై ఒకటి దాటింది, వంద దాటింది. ప్రతిసారీ పగులు గట్టిగా మూసుకుంటోంది. రెండు వందల పన్నెండో విడతలో దూలంలోంచి టప్పుమని చప్పుడొచ్చింది. కాసేపటికి ఇంకోటి. సాయంత్రానికి తీగలు ఐదు తెగిపోయాయి.

"నేను ముందే చెప్పానా లేదా?" అన్నాడు ఇంజినీరు.

పళ్లక్క "నేనూ చెప్పాను" అనబోయి ఆగిపోయింది. పక్కన డైరెక్టరు మేడం ఉంది. ఆవిడ తెగిన తీగలు చూసి, "ఎవరి సలహా ఇది?" అని అడిగింది. ఇంజినీరు ఏదో చెప్పేలోగా పళ్లక్కే, "నాదేనండి" అంది. మేడం ఆమెకేసి ఒకసారి చూసి, "మీ పని గుడ్డ పరవడం కదా. అది చూసుకోండి" అంది.

ఆ వారమంతా టీ గదిలో వేళాకోళమే. "పళ్లక్కా, వంతెనకి పుచ్చు పట్టిందట కదా, పీకేద్దామా?" అని ఒకడు. "పీకొద్దు, సిమెంటు నింపితే సరి" అని ఇంకొకడు. ఆమె టీ గ్లాసు కడిగి బోర్లించి, అచ్చు దగ్గరకు వెళ్లిపోయేది.

ఇంట్లో అత్తగారు అన్నీ కనిపెడుతూనే ఉంది. ఆవిడకు డెబ్భై ఆరేళ్లు. పైనా కిందా ఉన్న పళ్లసెట్లు రెండూ కోడలు చేసినవే. ఒకరోజు భోజనం దగ్గర ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమైందే? నాలుగు రోజులుగా చూస్తున్నా, ఉప్పు ఎక్కువో తక్కువో కూడా నీకు తెలియడంలేదు."

పళ్లక్క జరిగిందంతా చెప్పింది. అక్కడే కూర్చున్న ఆమె భర్త, బస్సు డిపోలో మెకానిక్, "పోనీలే, పెద్ద చదువులవాళ్లు వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు. నీకెందుకు?" అన్నాడు.

అత్తగారు కొడుకు మాట వినిపించుకోనేలేదు. "నా కింది సెట్టు ఎన్నిసార్లకి కుదిరింది?" అని అడిగింది.

"ఏడుసార్లకి అత్తయ్యా."

"ఆరుసార్లు గీకావు. ఆరోసారి నేను ఏమన్నానో గుర్తుందా?"

"నాకీ పళ్లొద్దు, గంజి తాగి బతుకుతా అన్నారు."

"నువ్వు విన్నావా?"

కొడుకు నవ్వాపుకోలేక లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు. అత్తగారు మాత్రం నవ్వలేదు. "వాళ్లొద్దంటే మానేసేదానివా నువ్వు? నాకు తెలీదూ!" అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆదివారం పళ్లక్క పాత డాక్టరు గారి ఇంటికి వెళ్లింది. ఆయన ప్రాక్టీసు మానేసి రెండేళ్లయింది. గేటు తీసి ఆమెను గుర్తుపట్టి, ముందు సంతోషించాడు. తరవాత కాస్త ఇబ్బందిగా నిలబడ్డాడు. ల్యాబు మూసినరోజు ఆమె మొహం ఆయనా మరిచిపోలేదు.

"డాక్టరు గారూ, సన్నపొడి కొట్టే పెట్టె ఉండేది కదా, గాజు మూత ఉన్నది. అది ఉందా, అమ్మేశారా?"

ఉంది. మేడకింది సామాన్ల గదిలో, పాత కుర్చీల వెనక. చెప్పుల పెట్టె కంటే కొంచెం పెద్దది. లోపలికి చేతులు దూర్చడానికి రెండు రంధ్రాలు, పైన గాజు మూత, పక్కన పెన్సిలంత లావు గొట్టం. గాలి ఒత్తిడితో ఆ గొట్టంలోంచి తెల్లటి అల్యూమినా పొడి వస్తుంది. చేతిలోకి తీసుకుంటే మొహానికి రాసుకునే పౌడరు కంటే కాస్త గరుకుగా ఉంటుంది, అంతే. పళ్ల క్లిప్పులను గరుకు చేసింది ఇన్నేళ్లూ దాంతోనే. మిగిలిపోయిన రెండు డబ్బాల పొడి, లోహానికీ రెసిన్‌కీ మధ్య పూసే అంటుమందు ఏ కంపెనీ దగ్గర దొరుకుతుందో రాసి ఉన్న చీటీ కూడా దొరికాయి.

డాక్టరు గారు పెట్టెను తనే తుడిచి ఆటోలో పెట్టించాడు. "ఇప్పుడు వంతెనలకి పళ్లు కడుతున్నావా?" అన్నాడు.

"కట్టేదాకా వదలనండి" అంది పళ్లక్క.

సోమవారం ఆ పెట్టెను చంకన పెట్టుకుని ఆమె తిన్నగా పరీక్షల గదికి వెళ్లింది. ఇంజినీరు అక్కడే ఉన్నాడు. పెట్టెకేసి, ఆమెకేసి మార్చి మార్చి చూసి, "వద్దక్కా. మేడం ఇప్పటికే కోపంగా ఉంది. తీగలు తెగడం మీరూ చూశారు" అన్నాడు.

"తెగడం ఒక్కటే మీరు చూశారు సార్. తెగేలోపు రెండు వందల పదకొండు సార్లు మూసుకుంది. అంతకుముందు నలభై దాటలేదు. అంటే పట్టు దొరికింది. తీగకు దెబ్బ తగలకుండా ఆ పట్టు తేవాలి, అంతే కదా?"

ఇంజినీరు ఏదో అనబోయాడు. బాబాయి కుర్చీలోంచి లేవకుండానే ఒక కాగితం ఆయన ముందుకు తోశాడు. తొమ్మిదో దూలంలో పగులు ఏ విడతకు ఎంత మూసుకుందో చూపే గీత అది.

"ఇది చూడు బాబూ. మొదటి తీగ తెగేదాకా ఈ గీత చెక్కు చెదరలేదు. ముప్పై ఏళ్లలో జారిపోయేవాటి గీతలు నేను చాలా చూశాను. ఇది జారిన గీత కాదు. ఆవిడ చెప్పేది సబబే."

ఇంజినీరు ఆ గీతను చాలాసేపు చూశాడు. చెవిమీద పెన్సిలు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "పొడి ఎంత దూరం నుంచి కొట్టాలి?" అని అడిగాడు.

ఆ ప్రశ్నతో పని మొదలైంది.

చిక్కు ఏమిటంటే, పెట్టె మూరెడు కూడా లేదు. తీగ రెండు మీటర్లకు పైనే. పళ్లక్క పెట్టెకు అటూ ఇటూ చిన్న రంధ్రాలు పొడిపించి రబ్బరు బిరడాలు పెట్టింది. తీగ ఒక బిరడాలోంచి లోపలికి వెళ్లి రెండోదాంట్లోంచి బయటికి వస్తుంది. ఒక మనిషి తీగను నెమ్మదిగా తిప్పుతూ లాగాలి. ఇంకొకరు గొట్టాన్ని కదలకుండా, వేలెడు దూరంలో, ఏటవాలుగా పట్టుకోవాలి. గొట్టం పళ్లక్కది. లాగే మనిషి కోసం వెతుకుతుంటే ఇంజినీరే చొక్కా చేతులు మడిచాడు.

"ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి సార్. తరవాత తొడుగులు వేసుకోండి. వేలిముద్ర పడినా పనికిరాదు. చేతి జిడ్డు చాలు అంటు చెడగొట్టడానికి."

ఆయన కడుక్కుని వచ్చాడు.

"మొహం తుడుచుకున్నారా ఇప్పుడు, తొడుగులతో?"

"తుడుచుకున్నానా?"

"తుడుచుకున్నారు. మార్చుకు రండి."

మొదటి మూడు తీగలు పాడయ్యాయి. ఆయన ఒకసారి గబగబా లాగేస్తున్నాడు, ఒకసారి ఆగిపోతున్నాడు. ఆగినచోట తీగ అరిగిపోతోంది. చివరికి పళ్లక్క లెక్క పెట్టడం మొదలుపెట్టింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు" అనేసరికి తీగ బెత్తెడు కదలాలి. ఆ గొంతు వేగానికి ఆయన చేతులు అలవాటుపడ్డాయి. బయటికొచ్చిన తీగ తళుకు పోయి, మంచు పట్టిన అద్దంలా ఉండేది. దానికి పది నిమిషాల్లోపు అంటుమందు పూసెయ్యాలి. ఆలస్యమైతే గాలికి తీగ పైపొర మళ్లీ మారిపోతుంది. కడగడం నుంచి మందు ఆరేదాకా ఒక్కో తీగకు గంట పట్టేది. పళ్లక్క ఒక నోటు పుస్తకం పెట్టి ఏ తీగ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు మందు పూశారో, అచ్చులో ఎన్నో స్థానంలో పెట్టారో రాసుకునేది.

రెండోరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. అప్పటికి రెండు తీగలు వెంటవెంటనే పొడి కొట్టి బల్లమీద ఉన్నాయి. మందు సీసా తీసుకురావడానికి వెళ్లిన మనిషి చీకట్లో సీసా కనబడక స్టోరు గదిలోనే ఉండిపోయాడు. కరెంటు వచ్చేసరికి గంట దాటింది.

"ఈ రెండూ పక్కన పెట్టేద్దాం సార్" అంది పళ్లక్క.

"మిగిలిన తీగ తక్కువుందక్కా. కొత్తది తెప్పించాలంటే పది రోజులు. గంటకే ఏమైపోతుంది? పూసేద్దాం."

ఆమెకు మనసొప్పలేదు. కానీ సమీక్షకు రోజులు దగ్గరపడుతున్నాయి. పూసేశారు. పుస్తకంలో మాత్రం ఆ రెండిటి పక్కన "గంట" అని రాసి కింద గీత గీసింది. అచ్చులో వాటి స్థానాలు నాలుగు, తొమ్మిది.

పదో దూలం ఆరు వందల దాకా నిమ్మళంగా నడిచింది. ఆ తరవాత పగులు మూసుకోవడం కొంచెం కొంచెంగా తగ్గింది. ఆరు వందల నలభై రెండో విడతలో హద్దు దాటిపోయింది. బాబాయి యంత్రం ఆపి, "ఈసారి తెగలేదు. ఎక్కడో జారింది" అన్నాడు.

ఇంజినీరు తల పట్టుకుని కూర్చున్నాడు. "మూడు వారాలు కూడా లేదు. ఇంక అయిపోయింది" అన్నాడు.

"కొయ్యండి. తీగలు చూద్దాం" అంది పళ్లక్క.

కోశారు. పది తీగలకు రెసిన్ పెచ్చులు పెచ్చులుగా అంటుకుని ఉంది. లాగితే రెసిన్‌ను పీక్కుని వచ్చాయి. రెండు మాత్రం బోసిగా ఉన్నాయి. పళ్లక్క నోటు పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. నాలుగు. తొమ్మిది. పక్కన "గంట".

ఇంజినీరు ఆ పేజీ రెండుసార్లు చదివాడు. తరవాత, "మీరు వద్దన్నారు" అన్నాడు.

"గట్టిగా అనలేదు సార్. అది నా తప్పు. ఈసారి గట్టిగా అంటాను."

ఆయన లేచి తీగ కంపెనీకి ఫోను చేశాడు. పది రోజులంటే కుదరదు, తనే బయల్దేరి వస్తున్నానని చెప్పి, పొద్దున్నే బస్సెక్కి మర్నాడు సాయంత్రానికి తీగ చుట్టతో తిరిగొచ్చాడు. ప్రయాణంతో మొహం పీక్కుపోయి ఉంది. వచ్చీరాగానే చేతులు కడుక్కోబోతుంటే, "ఇవాళ వద్దు. అలసిపోయిన చెయ్యి వణుకుతుంది. రేపు మొదలెడదాం" అని పళ్లక్కే ఆపింది.

పదకొండో దూలానికి పన్నెండు తీగలు నాలుగు రోజుల్లో చేశారు. మందు సీసా పెట్టె పక్కనే పెట్టుకున్నారు. ఒక తీగ దగ్గర ఇంజినీరుకు తుమ్మొచ్చింది. పళ్లక్క ఆ తీగను తీసి పారేసింది. ఆయన నోరెత్తలేదు. గుడ్డ పొరలు పరిచేటప్పుడు టీ గదిలో వేళాకోళమాడిన ఇద్దరూ పిలవకుండానే వచ్చి అచ్చుకు అటూ ఇటూ నిలబడ్డారు. "ఏం చెయ్యమంటావక్కా?" అన్నాడు ఒకడు. "ముందు చేతులు కడుక్కో" అంది ఆమె.

దూలం గట్టిపడటానికి ఏడు రోజులు. ఎనిమిదో రోజు యంత్రమెక్కింది. సమీక్ష మూడు రోజుల్లో ఉంది.

మొదటి రోజు మూడు వందల ముప్పై. రెండోరోజు ఆరు వందల నలభై రెండు దాటుతుంటే పళ్లక్క రోలరు వదిలేసి పరీక్షల గది గుమ్మంలో నిలబడింది. ఆరు వందల నలభై మూడు. నాలుగు. బాబాయి ఆమెను చూసి, "నువ్వు నిలబడితే తొందరగా నడవదు. వెళ్లి పని చూసుకో" అని కసిరాడు. ఆయనా కుర్చీ యంత్రానికి దగ్గరగా జరుపుకున్నాడు.

మూడోరోజు సాయంత్రం డైరెక్టరు మేడం వచ్చేసరికి అంకె తొమ్మిది వందల తొంభై తొమ్మిది మీద ఉంది. గదిలో ఎనిమిది మంది ఉన్నారు. యంత్రం దూలాన్ని వంచింది, అడుగున పగులు తెరుచుకుంది. యంత్రం పైకి లేచింది, కరెంటు వెళ్లింది. పగులు అంచులు మెల్లగా దగ్గరకొచ్చి కలుసుకున్నాయి. వెయ్యి.

బాబాయి కళ్లద్దాలు సరిచేసుకుని కొలత చదివాడు. మిగిలిన ఎడం మిల్లీమీటరును వంద చేస్తే అందులో ఆరు వంతులు. పదిదాకా పరవాలేదు.

పళ్లక్క పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చుండిపోయింది.

మేడం ఇంజినీరుతో చెయ్యి కలిపి, "మొత్తానికి సాధించారు" అంది.

"ఈ తీగ పని అక్కది మేడం. మొదట చెప్పింది, తరవాత నేర్పించింది కూడా ఆవిడే. నేను తీగ లాగాను."

మేడం పళ్లక్క వైపు తిరిగింది. ఆ రోజు తనన్న మాట ఆవిడకు గుర్తొచ్చినట్టే ఉంది. "మీకు ఏం కావాలో చెప్పండి. ప్రశంసాపత్రం ఇప్పిస్తాను, సమీక్షలో మీ పేరు చెబుతాను..."

"పేరు చెప్పండి మేడం, వద్దనను. దానికంటే ముందు తీగల పనికి దుమ్ము రాని గది ఒకటి ఇప్పించండి. దానికి జనరేటరు లైను వేయించండి. ఇంకోసారి కరెంటు పోతే నేను ఊరుకోను."

గదిలో నవ్వులు లేచాయి. మేడం కూడా నవ్వి, తన పుస్తకంలో రాసుకుంది. అప్పుడు యంత్రం మళ్లీ దిగడం చూసి, "అదేంటి, ఇంకా ఆపలేదా? వెయ్యి చాలు కదా" అంది బాబాయితో.

"వంతెన మీద నడిచేవాళ్లు వెయ్యి లెక్కపెట్టుకుని ఆగిపోతారా అమ్మా? ఇది ఎక్కడ ఓడిపోతుందో చూడాలి. నా పని అది" అన్నాడు బాబాయి. ఆయన ఆపలేదు.

మరో రెండు రోజులు నడిచింది. పదహారు వందల నలభయ్యో విడతలో కరెంటు వెళ్లినా పగులు సగమే మూసుకుంది. గదిలో కాలిన వాసన వచ్చింది. ఇంజినీరు, పళ్లక్క పరుగెత్తుకొచ్చారు. తీగలు ఎక్కడా జారలేదు, తెగలేదు. దూలం చివర, కరెంటు వైరును తీగలకు కలిపిన అతుకులు మూడు మాడిపోయి ఊడి వేలాడుతున్నాయి.

పళ్లక్క వంగి వాటిని దగ్గరగా చూసింది.

"ఈ అతుకులు ఎవరు వేశారు?"

"నేనే. టంకం పెట్టాను" అన్నాడు ఇంజినీరు, కాస్త భయంభయంగానే.

"ఈ లోహానికి టంకం నిలవదు సార్. పైపైన అంటినట్టే ఉంటుంది, వేడికి వదిలేస్తుంది. పళ్ల తీగలకైతే సన్నటి స్టీలు గొట్టం తొడిగి, పట్టకారుతో నొక్కి బిగించేవాళ్లం."

"ఆ గొట్టాలు ఎక్కడ దొరుకుతాయి?"

"దొరికే చోటు నాకు తెలుసు. బిగించే పట్టకారు నా దగ్గరే ఉంది, రేపు తెస్తాను." ఆమె మాడిన అతుకు ముక్కను కాగితంలో చుట్టి, నోటు పుస్తకంలో పదకొండో దూలం పేజీ తిప్పి, కొత్త పేజీ మీద "పన్నెండు" అని రాసింది. "మీరు ఈలోగా వెళ్లి గుడ్డ కత్తిరించమనండి. సోమవారం అచ్చు ఖాళీ అవుతుంది."